ప్రయాణికురాలు రాలేదు

మార్చి 1

బుల్లి గుమాస్తాకు,

ఆశీస్సులు చివర్లో ఇస్తాను, ముందు కోపం. ఫోన్లో తిడితే గాలికి పోతుంది, కాగితం మీద తిడితే నిలబడుతుంది. అందుకే కొత్త రీఫిల్ వేసుకుని కూర్చున్నాను. నిన్ను తిట్టడానికి కాదులే. నువ్వు ఆ విమాన కంపెనీల కూటమి ఆఫీసులో ఏదో కాగితాల పని చేస్తున్నావని మీ అమ్మ చెప్పింది. ఏం కాగితాలో ఆవిడకూ తెలీదు, నాకూ తెలీదు. ఎవడి మెడ పట్టుకోవాలో చెప్పు చాలు.

జరిగింది విను. మీ అత్తకు అక్క, అంటే నా వదిన, ముప్పై ఏళ్ళు రైల్వే స్టేషన్లో మైకు ముందు కూర్చుని ఏ బండి ఎన్నో నంబరు ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పిన మనిషి. ఆవిడ నోటి వెంట తన పేరు వింటే ఆలస్యంగా వచ్చే బండి కూడా సిగ్గుపడేది. ఆ గొంతులోనే పుండు లేచింది. గురువారం పొద్దున ఆపరేషన్, స్వరపేటిక మొత్తం తీసేస్తాం, ఆ తర్వాత ఇక మాట ఉండదు అన్నారు. అప్పటికే గుసగుసల్లోకి దిగిపోయింది. రోజుకు నాలుగు మాటలు మించొద్దన్నాడట డాక్టరు. ఆవిడ ఆ నాలుగూ మానేసింది. కూతురితో సైగలు, అల్లుడితో పలక. "ఉన్న కాస్త గొంతూ చెల్లెలు వచ్చాక వాడుకుంటా" అని పలక మీద రాసి చూపించిందట.

మీ అత్త సంగతి నీకు తెలుసు. కుట్టుమిషను ముందు కూర్చుందంటే చివరి కాజా అయ్యేదాకా లేవదు. తన పెళ్ళికి తనే ముప్పావుగంట ఆలస్యంగా వచ్చిన మనిషి. నేను ఆ ముప్పావుగంటలో పారిపోయి ఉంటే నా బతుకు ఎలా ఉండేదో అని అప్పుడప్పుడూ అనుకుంటాను, పైకి అనను. అలాంటి మనిషి ఈసారి మంగళవారం విమానానికి నాలుగు గంటల ముందే వెళ్ళి కూర్చుంది.

టికెట్టు మీద ఒక కంపెనీ పేరు. మొదటి విమానం వాళ్ళదే, వేళకే దిగింది. మధ్యలో ఇంకో విమానం ఎక్కాలి. అదీ టికెట్టు మీద ఆ కంపెనీదే, నంబరుతో సహా. కింద చీమ తలకాయంత అక్షరాల్లో "నడిపేది మరొకరు" అని ఉంది. ఆ మరొకరు తమ విమానాన్ని గంటా నలభై నిమిషాలు ముందుకు జరుపుకున్నారు. మీ అత్త కాగితంలో పాత వేళే. ఈవిడ గంట ముందు గేటు దగ్గరికి పోతే అక్కడ ఊడ్చే మనిషి తప్ప ఎవరూ లేరు.

నడిపినవాళ్ళ కౌంటర్లో అడిగితే "మీకు టికెట్టు అమ్మింది మేం కాదండీ" అన్నారు. అమ్మినవాళ్ళ కౌంటరు ఎక్కడ బాబూ అంటే "ఇక్కడ వాళ్ళకు కౌంటర్ లేదు, వాళ్ళ పని కూడా మేమే చూస్తాం" అన్నారు. అయితే చూడండి అంటే "అమ్మింది మేం కాదు కదా" అన్నారు. విన్నావా! నలభై ఏళ్ళు రిజిస్ట్రేషన్ ఆఫీసు మెట్ల కింద కూర్చుని జనానికి అర్జీలు రాశాను. ఒకే స్థలాన్ని ముగ్గురికి అమ్మినవాణ్ణి చూశాను. చచ్చిపోయినవాడి చేత వేలిముద్ర వేయించినవాణ్ణి చూశాను (ఆ కథ ఇంకోసారి చెప్తాను, భలే ఉంటుంది). కానీ ఒకే నోటితో "మేమే", "మేం కాదు" అన్నవాణ్ణి చూడలేదు.

ఆ దారిలో విమానం రోజు విడిచి రోజట. మళ్ళీ గురువారమే. రెండు రోజులు ఆ హాల్లో ఇనప కుర్చీలో కూర్చుంది. బుధవారం సాయంత్రం వదిన ఫోన్ చేసి గుసగుసగా ఏదో అంది. సరిగ్గా అప్పుడే నెత్తి మీద మైకు మొదలెట్టింది, ఫలానా నంబరు విమానం ఫలానా గేటు అని. ఆ గోల ఆగేసరికి ఫోన్ పెట్టేసింది. గురువారం సాయంత్రం మీ అత్త చేరేసరికి ఆపరేషన్ అయిపోయింది.

అంతటితో ఆగినా బాగుండేది. అల్లుడు మంగళవారమే కంపెనీకి ఫోన్ చేసి అడిగితే ఒక మెసేజి పంపారు: "ప్రయాణికురాలు రాలేదు." అంతే, రెండు మాటలు. వదిన అది చదివింది, వేళ మార్చారని మీ అత్త ఎంత చెప్పినా నమ్మినట్టు లేదు. వేళ తప్పినవాళ్ళను క్షమించడం ఆవిడ ఉద్యోగంలో నేర్పలేదు. మీ అత్త వారం రోజులు మంచం పక్కన కూర్చుంది. వదిన మొహం గోడవైపే. మొన్న తిరిగొచ్చింది. మిషను మీద గుడ్డ కప్పేసింది, తియ్యడం లేదు.

నాకు వాళ్ళ కూపన్లు వద్దు. "రాలేదు" అన్న మాట కొట్టేసి, "వచ్చింది, వేళ మార్చి చెప్పనిది మేమే" అని సంతకంతో ఒక్క వాక్యం కావాలి. దాన్ని వదిన పలక పక్కన పెట్టాలి. నిన్ననే ఆ విమానం నడిపిన కంపెనీకి పదకొండు పేజీల అర్జీ పోస్టు చేశాను.

ఇక ఆశీస్సులు.

మామయ్య


మార్చి 14

మామయ్యకు,

నీ ఉత్తరం క్యాంటీన్లో నిలబడి చదివాను. మళ్ళీ కూర్చుని చదివాను. అత్తతో మాట్లాడదామని రెండుసార్లు ఫోన్ చేసి, మోగకముందే పెట్టేశాను.

అడిగావు కాబట్టి చెప్తాను. ఇక్కడ ఆరు కంపెనీలు కలిసి కూటమి కట్టాయి. ఏ ఒక్కటీ ప్రపంచమంతా విమానాలు తిప్పలేదు. అందుకని ఒకరి విమానంలో సీట్లను ఇంకొకరు తమ పేరుతో, తమ నంబరుతో అమ్ముకుంటారు. దాన్ని కోడ్‌షేర్ అంటారు. ఒక్కో విమానానికి నాలుగేసి నంబర్లు ఉంటాయి. నీకు నచ్చే పోలిక కావాలంటే, హోటల్ బోర్డు ఒకరిది, వంట ఇంకొకరిది. మధ్యలో కబుర్లన్నీ కంప్యూటర్ల మీద నడుస్తాయి. ఎక్కడో ఓ చోట ఇరుక్కుంటాయి.

ఎక్కడ ఇరుక్కుందో నేను రాయకూడదు. ఫిర్యాదుల గురించి బయటివాళ్ళకు సలహా ఇవ్వనని చేరేటప్పుడే సంతకం పెట్టించుకున్నారు. మామయ్య బయటివాడా అంటే, ఆ కాగితం ప్రకారం కన్నతల్లి కూడా బయటిదే.

మా ఆఫీసు విమానాశ్రయానికి మైలు దూరం. మూడో అంతస్తు. కిటికీలోంచి కార్ల పార్కింగ్ తప్ప ఒక్క విమానం కనపడదు. గోడ మీద ఆరు కంపెనీల ఆరు గడియారాలున్నాయి. ఒకటి ఆగిపోయి నెలైంది. బాగుచేయించాల్సింది ఎవరో ఆరుగురూ ఇంకా చర్చించుకుంటున్నారు.

అర్జీలకు జవాబు రాసేవాళ్ళు వేరే ఉన్నారు, అవి నా బల్ల మీదికి రావు. కానీ జవాబు వచ్చాక ఒక్క పని చెయ్యి. కోపంతో చదవకు. నువ్వు నాకు నేర్పినట్టు చదువు, చివరిదాకా.

అత్తను మిషను మీది గుడ్డ తియ్యమను.

నీ బుల్లి గుమాస్తా


ఏప్రిల్ 2

అమ్మాయ్,

ఈసారి బుల్లి గుమాస్తా అని రాయబుద్ధి కావడం లేదు.

జవాబు వచ్చింది. రెండు పేజీలు. కింద "ప్రయాణికుల సంబంధాల అధికారి" అని సంతకం. మొదటి వాక్యం ఇదీ: "ఈ ఉత్తరం రాయడానికి మీరు కుర్చీ దగ్గరికి లాక్కున్న క్షణంలో మీ మనసు ఎలా ఉండి ఉంటుందో మేం ఊహించుకోగలం."

కుర్చీ! ఆ కుర్చీని కనిపెట్టింది నేను. జీతం ఆపేసిన ఒక వాచ్‌మన్ భార్య కోసం రాశాను: "తమరు ఈ అర్జీ చదవడానికి కుర్చీ లాక్కునే క్షణంలో నా ఇంట్లో పిల్లలు కంచాలు లాక్కుని కూర్చుని ఉంటారు" అని. అది చదివిన ఆఫీసరు కుర్చీలోంచి లేచి, మెట్లు దిగి, ఎవడయ్యా ఇది రాసింది అని నన్ను చూడటానికి వచ్చాడు. వచ్చినవాడు నేను కూర్చున్న డబ్బా చూసి, లోపలినుంచి ఒక పాత బల్ల ఇప్పించాడు. ఒక కాలు పొట్టి. ఇప్పటికీ దాని మీదే రాస్తున్నాను. ఆ వాక్యం రహస్యం నేను చెప్పింది ఒకే ఒక్క మనిషికి, వేసవి సెలవుల్లో నా దగ్గర అర్జీలు నేర్చుకున్న నీకు.

నా బల్ల మీదికి రావన్నావు. దొంగకు తేలు కుట్టినట్టు ఎంత నిమ్మళంగా రాశావమ్మా! నేను నూరిన కత్తి నాకే గుచ్చావు. రెండో పేరాలో "మిక్కిలి విచారిస్తున్నాం" దగ్గరే చదవడం ఆపేశాను. అది ఎవరి చెయ్యో తెలిశాక ఇక చదివేదేముంది? నాలుగు మడతలు పెట్టి ఆ పొట్టి కాలి కింద దోపాను. ఇన్నేళ్ళకు బల్ల ఊగడం మానింది. మీ కూటమి మాకు చేసిన మొదటి మేలు అది.

నీ హోటల్ పోలిక మాత్రం బాగుంది. అన్నం మాడితే వంటవాణ్ణే కదా పట్టుకోవాలి! అందుకే మళ్ళీ ఆ విమానం నడిపినవాళ్ళకే రాశాను, పధ్నాలుగు పేజీలు. అందులో రెండు పేజీలు ఒక్క ఆ మైకు గురించే. చచ్చేదాకా గొంతు లేకుండా బతకబోయే మనిషి ఆఖరి మాట మీద గేటు నంబరు చదివిన ఆ యంత్రాన్ని నేను తిట్టిన తిట్లు ఏ నిఘంటువులోనూ దొరకవు. అదీ నీ బల్ల మీదికే వస్తుందేమో. వస్తే రానీ. పధ్నాలుగూ చదువుకో.

మీ అత్తకు నీ సంగతి చెప్పలేదు. "దానికి తెలిస్తే ఊరుకోదు, చూడండి" అని రోజూ అంటోంది. ఊరుకున్నావని ఏ మొహంతో చెప్పను?

మామయ్య


ఏప్రిల్ 9

మామయ్యా,

మూడో పేరా చదివావా?

చదవలేదు. నీ ఉత్తరంలో నువ్వే రాసుకున్నావు, అదేదో ఘనకార్యమైనట్టు. "అసలు మాట మూడో పేరాలో పెట్టు, ఒకే వాక్యంలో పెట్టు. మొదటి రెండు పేరాలూ ఆఫీసరు కళ్ళజోడు సర్దుకోవడానికే" అని నాకు నేర్పింది ఎవరు? పక్కింటాయనా?

అవును, ఆ జవాబు నేనే రాశాను. నా పనే అది. ఆరు కంపెనీల ఫిర్యాదులూ మా గదికే వస్తాయి. రోజుకు నలభై. పొద్దున ఒక కంపెనీ పేరుతో విచారిస్తాను, మధ్యాహ్నం ఇంకో కంపెనీ పేరుతో చింతిస్తాను. సంతకం పెట్టే ఆ అధికారి అసలు పుట్టనే లేదు. చెప్పుకోవడానికి సిగ్గేసి మీ ఎవరికీ చెప్పలేదు. మరి నువ్వో? పొద్దున అద్దెకున్నవాడి అర్జీ, మధ్యాహ్నం ఇంటివాడి జవాబు, రెండూ నీ చేతి రాతే కదా. ఇద్దరూ నీ ఎదుట ఒకే బెంచీ మీద కూర్చుని ఎదురుచూసేవాళ్ళు. నువ్వు చేస్తే చమత్కారం, నేను చేస్తే కత్తి!

బంధువుల అర్జీ వస్తే పక్క బల్లకు ఇచ్చేయాలని మా రూలు. ఇవ్వలేదు. ఇస్తే నాలుగు లైన్ల అచ్చు జవాబు వచ్చేది నీకు. నేనైతే నీకు మాత్రమే తెలిసేలా దారి చూపించగలననుకున్నాను. ఎందుకంటే నువ్వు తట్టింది తప్పుడు తలుపు. విమానం నడిపినవాళ్ళు వేళ మార్చిన కబురు తొమ్మిది రోజుల ముందే అమ్మినవాళ్ళకు పంపారు. అది అక్కడి కంప్యూటర్లో ఎవరూ తెరవని వరసలో పడి ఉంది. అత్తకు చెప్పాల్సింది టికెట్టు అమ్మినవాళ్ళు. నడిపినవాళ్ళ పేరుతో నేను రాయగలిగింది "మా తప్పు లేదు" అనే. అది నిజం కూడా. నువ్వేమో హోటల్ పోలిక పట్టుకుని వంటవాడి వెంట పడ్డావు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమన్నట్టు.

అందుకే మూడో పేరాలో ఒక్క వాక్యం పెట్టాను: "మీ టికెట్టు పైన పెద్ద అక్షరాల్లో ఉన్న పేరును, ప్రయాణం నాటి నుంచి అరవై రోజుల గడువును మరొక్కసారి చూసుకోగలరు." మా పై ఆఫీసరు దాన్ని చూసి మర్యాద అనుకున్నాడు. లోకంలో దాన్ని చదవగలిగిన మనిషివి నువ్వొక్కడివే. నువ్వు దాన్ని బల్ల కాలి కింద పెట్టావు.

ఈరోజుకు యాభై రోజులు. నీ పధ్నాలుగు పేజీలూ నా ముందే ఉన్నాయి. తిట్లు బాగున్నాయి. చిరునామా తప్పు.

ఫోన్ చేస్తే ఎత్తడం లేదు కాబట్టి ఇదంతా సూటిగా రాసేశాను. నేను సంతకం పెట్టిన ఆ కాగితం ఏమైనా కానీ. నాకూ కోపం వస్తుంది మామయ్యా. నీ దగ్గరే నేర్చుకున్నాను.

మేనకోడలు


ఏప్రిల్ 14

బుల్లి గుమాస్తాకు,

బల్ల ఎత్తాను. మూడో పేరా చదివాను.

క్షమాపణ అనే మాట ఊళ్ళోవాళ్ళ కోసం కొన్ని వేలసార్లు రాశాను. నా కోసం రాద్దామంటే చెయ్యి తిరగడం లేదు. రాశాననుకో.

టికెట్టు అమ్మినవాళ్ళకు ఈరోజే రిజిస్టర్డ్ పోస్టు చేశాను. ఒకే పేజీ, మూడు పేరాలు. తిట్టు ఒక్కటీ లేదు. అంత మర్యాదగా రాసినందుకు నాకు జ్వరం వచ్చినట్టుంది. ఇవాళ యాభై ఐదో రోజు.

అద్దెవాడి, ఇంటివాడి సంగతి నిజమే. కానీ ఒక తేడా ఉంది. ఇద్దరికీ నేను ఎదురుగా కనపడేవాణ్ణి. రాసింది నచ్చకపోతే నా చొక్కా పట్టుకునేవాళ్ళు. ఒకడు నిజంగానే పట్టుకున్నాడు, రెండు గుండీలు ఊడొచ్చాయి, మీ అత్త కుట్టిపెట్టింది. నీ అధికారికి చొక్కా ఏదమ్మా?

బల్ల మళ్ళీ ఊగుతోంది. అక్షరాలు వంకరగా ఉంటే దానిదే తప్పు.

మామయ్య


మే 2

మామయ్యకు,

నీ ఒక్క పేజీ గడువు లోపలే చేరింది. తిరిగి తిరిగి నా బల్ల మీదికే వచ్చింది. ఈసారి నేరుగా పై ఆఫీసరు దగ్గరికి తీసుకెళ్ళి, ఇది మా మామయ్యది అని చెప్పాను.

"అయితే పక్క బల్లకు ఇచ్చెయ్" అన్నాడు.

"పక్క బల్ల ఏం రాస్తుందో నాకు తెలుసు సార్. ఆ అచ్చు కాగితం తయారు చేసింది నేనే."

"కంపెనీ తప్పు ఒప్పుకుంటూ రాయడానికి ఆ అధికారి పేరు వాడటానికి వీల్లేదమ్మా."

"వాడను సార్."

కవర్లో ఉన్న కాగితం చూడు. పైన అమ్మిన కంపెనీ ముద్ర. మూడో పేరా ఇది: "ప్రయాణికురాలు వేళకు వచ్చారు, విమానం వేళ మారిందని తొమ్మిది రోజుల ముందే తెలిసీ మేం ఆమెకు చెప్పలేదు." కింద సంతకం నాది. మా అమ్మానాన్న పెట్టిన పేరు. చొక్కా ఉంది, గుండీలున్నాయి, ఎవరైనా వచ్చి పట్టుకోవచ్చు.

ముందు పట్టుకున్నది మా ఆఫీసువాళ్ళే. రెండు రోజులు విచారణ జరిపి, నన్ను జవాబుల బల్ల నుంచి తీసేసి, దారి తప్పిన పెట్టెల గిడ్డంగిలో వేశారు. దుమ్ము, తుమ్ములు. కానీ కిటికీ ఉంది, విమానాలు కనిపిస్తాయి. పెట్టెకు తన చీటీ మీద ఒకే పేరు ఉంటుంది. హాయిగా ఉంది.

ఊరుకోలేదని అత్తకు చెప్పు.

బుల్లి గుమాస్తా


మే 16

బుల్లి గుమాస్తాకు,

ఈసారి మీ అత్తతో నేనూ వెళ్ళాను. రైల్లో. రెండు రోజులు పట్టింది, నడుం విరిగింది. కానీ రైలు మీద ఎవరి పేరుందో నడిపేదీ వాళ్ళే, తిట్టాలంటే సులువు.

వదిన కుర్చీలో కూర్చుని ఉంది. మెడకు గుడ్డ, ఒళ్ళో పలక. మమ్మల్ని చూసి మొహం గోడవైపు తిప్పుకుంది. మీ అత్త నీ కాగితం పలక మీద పెట్టింది. వదిన నీ మొదటి రెండు పేరాలూ చదవలేదు. ముప్పై ఏళ్ళు బండి నంబరూ వేళా తప్ప మిగతాదంతా వదిలేసి చదివిన మనిషి కదా, వేలు తిన్నగా మూడో పేరా మీదికి పోయింది. చదివింది. ఇంకోసారి చదివింది. సుద్దముక్క తీసుకుని రాసింది:

"మరి ఫోన్లో నేనన్నది?"

"వినపడలేదక్కా. నెత్తి మీద మైకు మోగిపోతోంది. ఏమన్నావ్?"

"నిజంగా వినలేదా?"

"ఒక్క ముక్క వింటే ఒట్టు."

వదిన ఆ సుద్దముక్కను చాలాసేపు వేళ్ళ మధ్య తిప్పింది. తర్వాత చిన్న అక్షరాలతో రాసింది: "'నీ కోసం గొంతు దాచుకోవడం నాదే బుద్ధితక్కువ, ఇక రాకు' అన్నాను. నా ఆఖరి మాట అదే. నువ్వు విన్నావనుకున్నాను. నీకు మొహం ఎలా చూపించను?"

మీ అత్త ఆ పలకను లాక్కుని అరచేత్తో తుడిచేసింది. ఇక మొదలెట్టింది చూడూ, నేను కిటికీ మూయాల్సి వచ్చింది. "మూడు నెలలు! మూడు నెలలు గోడను చూస్తూ కూర్చున్నావు! ఆ ముక్క ముందే రాసి ఏడవొచ్చు కదే! నేనిక్కడ ఒక్క కాజా కుట్టలేక చచ్చాను! బండ్లకు వేళలు చెప్పావు గానీ నీకు ఏ వేళకు ఏం చెప్పాలో తెలీదే!" వదిన భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని దగ్గరికి పోయాను. నవ్వుతోంది, చప్పుడు లేకుండా. మీ అత్త ఆ నవ్వు చూసి ఇంకో రెండు తిట్లు ఎక్కువ తిట్టింది.

ఇల్లు చేరాం. మిషను మీద గుడ్డ లేదు. నీ మొదటి జవాబు మళ్ళీ నాలుగు మడతలు పెట్టి బల్ల కాలి కిందే ఉంచాను. దాని ఉద్యోగం అది బాగా చేస్తోంది.

ఒక సంగతి. ఆ పధ్నాలుగు పేజీలు ఆఫీసులో ఎక్కడున్నాయో కనుక్కో. మైకును తిట్టిన రెండు పేజీలూ తీసి చింపెయ్. ఆ మాట చెవిన పడకుండా అడ్డం పడింది అదొక్కటే. మీ కూటమి మాకు చేసిన రెండో మేలు అది.

మిగతా పన్నెండు పేజీల్లో ఒక్క అక్షరం వెనక్కి తీసుకోను.

ఆశీస్సులతో,
మామయ్య